అమెరికా, రష్యా మధ్య యుద్ధం వస్తుందా? కబురు అందని చోటే అసలు ప్రమాదం

విశాఖ ఆర్‌.కె. బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిలోకి వెళ్ళినవాళ్ళకు తెలుసు, లోపల ఎంత ఇరుకో. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోకి ముందు కాలు పెట్టి, నడుం వంచి, తల కాచుకుంటూ దూరాలి. అటూ ఇటూ గొట్టాలు, వాల్వులు, మీటర్లు. మనిషి అటు తిరిగి ఇటు తిరిగేంత జాగా ఉండదు. పిల్లలతో కలిసి వెళ్ళినప్పుడు, ఒడ్డున ఉన్న పడవలోనే పది నిమిషాలకు నాకు బయటికి వచ్చేయాలనిపించింది.

కురుసుర సోవియట్ యూనియన్ కట్టి ఇచ్చిన పడవ. 1969లో మన నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది. పశ్చిమ దేశాలు ఈ తరహా జలాంతర్గాములకు ఫాక్స్‌ట్రాట్ అని పేరు పెట్టుకున్నాయి. క్యూబాలో సోవియట్ క్షిపణులు పెట్టడంతో మొదలైన క్యూబా సంక్షోభం రోజుల్లో, 1962 అక్టోబరు 27న, ఆ దేశం దగ్గర సముద్రంలో అమెరికా యుద్ధనౌకల మధ్య చిక్కుకున్న బి-59 కూడా సరిగ్గా ఇదే తరహా పడవ. దాంట్లో ఒక టార్పెడోకు అణుబాంబు ఉంది. ఆ సంగతి పైనున్న అమెరికన్లకు తెలియదు.

పడవ పైకి తేలాలని సంకేతంగా అమెరికన్లు చిన్న చిన్న పేలుడు గుళ్ళు వదిలారు. "ఇలా సంకేతం ఇస్తాం, ఇవి దాడి కాదు" అని ముందే మాస్కోకు కబురు పెట్టారు. ఆ కబురు జలాంతర్గామికి అందలేదు. లోపలివాళ్ళకు వినిపించింది పేలుళ్ళ మోత ఒక్కటే. బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, గాలి చెడిపోయింది, లోపల వేడి 45 డిగ్రీలు దాటింది. పైన యుద్ధం మొదలైపోయిందేమో తెలుసుకునే దారి లేదు. అణు టార్పెడో సిద్ధం చేయమని కెప్టెన్ సావిట్‌స్కీ అన్నాడని, అదే పడవలో ఉన్న పై అధికారి వాసిలీ అర్హిపోవ్ ఆయన్ని శాంతపరిచాడని అందులో పనిచేసిన ఒక అధికారి చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. ఆ రోజు ఎవరు ఏమన్నారు, ప్రయోగానికి ఎంత దగ్గరగా వచ్చారు అన్న విషయంలో కథనాలు వేరువేరుగా ఉన్నాయి. పడవ పైకి తేలడం మాత్రం నిజం. టార్పెడో కదలలేదు.

అమెరికా–రష్యా వార్త వచ్చిన ప్రతిసారీ టీవీలో "మూడో ప్రపంచ యుద్ధం?" అని పెద్ద అక్షరాలు పడతాయి. వాట్సాప్ గ్రూపుల్లో క్షిపణుల వీడియోలు తిరుగుతాయి. కొడుకు డల్లాస్‌లోనో, కూతురు రష్యాలో మెడిసిన్‌లోనో ఉన్న ఇళ్ళల్లో ఆ రాత్రి నిద్ర పట్టదు. వాషింగ్టన్‌లోనో మాస్కోలోనో ఒక పెద్దమనిషి కూర్చుని యుద్ధం చేద్దామని నిర్ణయం తీసుకుంటాడన్నట్టు ఆ వార్తలు సాగుతాయి. చరిత్రలో ఈ రెండు దేశాలు యుద్ధం అంచుదాకా వెళ్ళిన సందర్భాలు చూస్తే మాత్రం ఎక్కువ భాగం బి-59 లాంటివే. కావాలని మొదలుపెట్టినవి కావు. ఒకరు చేసిన పని ఇంకొకరికి వేరేగా అర్థమైనవి.

ఇప్పుడు జరుగుతున్నది యుద్ధం కాదా?

ఉక్రెయిన్‌కు ఆయుధాలు, శత్రువు కదలికల సమాచారం, శిక్షణ అమెరికా ఇచ్చింది. ఆ ఆయుధాలతో రష్యా సైనికులు చనిపోయారు. మరి అమెరికా యుద్ధంలో ఉన్నట్టా, లేనట్టా?

రెండు సైన్యాలు ఒకదాని మీద ఒకటి నేరుగా కాల్పులు జరిపితే ప్రత్యక్ష యుద్ధం. ఒక దేశం వేరే దేశం భుజం మీద తుపాకి పెట్టి పోరాడితే పరోక్ష యుద్ధం. వియత్నాంలో అమెరికాకు ఎదురుగా సోవియట్ ఆయుధాలు, అఫ్గానిస్థాన్‌లో సోవియట్ సైన్యానికి ఎదురుగా అమెరికా ఇచ్చిన స్టింగర్ క్షిపణులు ఈ రెండో రకం. సైబర్ దాడులు, ఎన్నికల్లో తలదూర్చడం, సముద్రం అడుగున కేబుళ్ళు తెగడం లాంటివి మూడో కోవ. దాన్ని హైబ్రిడ్ యుద్ధం అంటున్నారు. ఎవరు చేశారో తేల్చి చెప్పడం కష్టం కాబట్టే ఆ దారి ఎంచుకుంటారు.

గీతలు ఇంత స్పష్టంగా ఉండవు. కొరియా యుద్ధంలో సోవియట్ పైలట్లు మిగ్-15 విమానాల్లో అమెరికా పైలట్లతో నేరుగా తలపడ్డారు. రెండు ప్రభుత్వాలకూ అది తెలుసు. బయటపెడితే తమ ప్రజలే ప్రతీకారం కోరతారని రెండూ నోరు మెదపలేదు. 2018 ఫిబ్రవరిలో సిరియాలోని దెయిర్ ఎజ్-జోర్ దగ్గర అమెరికా బలగాలు జరిపిన దాడిలో వాగ్నర్ అనే రష్యా ప్రైవేటు సైన్యం మనుషులు చనిపోయారు. వాళ్ళు మా సైనికులు కాదని మాస్కో తప్పుకుంది. అంటే రెండు వైపులవాళ్ళూ నిజంగా చంపుకున్నా, దాన్ని యుద్ధం అనకూడదని ఇద్దరూ అనుకుంటే యుద్ధం కాకుండా పోయింది. వినడానికి కటువుగా ఉంటుంది కానీ, ఈ మౌనం చాలాసార్లు ప్రపంచాన్ని కాచింది.

ఆర్టికల్ 5 అంటే ఏమిటి, ఏమి కాదు

నాటో 1949లో 12 దేశాలతో మొదలైన సైనిక కూటమి. 2023లో ఫిన్లాండ్, 2024లో స్వీడన్ చేరాక సభ్యుల సంఖ్య 32. ఒక్క ఫిన్లాండ్ చేరికతోనే రష్యాతో నాటో సరిహద్దు దాదాపు 1,340 కిలోమీటర్లు పెరిగింది.

ఈ కూటమి ఒప్పందంలోని ఆర్టికల్ 5 ప్రకారం ఒక సభ్యదేశం మీద సాయుధ దాడి జరిగితే అందరి మీద జరిగినట్టే. దీన్నే చాలామంది "పోలండ్ మీద బాంబు పడిందంటే అమెరికా ఆటోమేటిగ్గా యుద్ధంలోకి దిగుతుంది" అని చెబుతుంటారు. ఒప్పందంలో ఉన్నది అది కాదు. సాయుధ బలంతో సహా, తనకు అవసరమనిపించిన చర్యను ప్రతి దేశమూ తీసుకుంటుందని ఉంది. ఏ చర్య అవసరమో తేల్చుకోవలసింది ఆ దేశమే. ఇంతవరకు ఆర్టికల్ 5ను వాడింది ఒక్కసారే, 2001లో అమెరికా మీద సెప్టెంబరు 11 దాడుల తర్వాత.

ఇది కాగితం మీద కాకుండా ఎలా పనిచేస్తుందో చూడాలంటే 2022 నవంబరు 15 సాయంత్రం మంచి ఉదాహరణ. ఆ రోజు రష్యా ఉక్రెయిన్ మీద పెద్ద ఎత్తున క్షిపణులు వేసింది. అదే సమయంలో సరిహద్దుకు ఇవతల పోలండ్‌లోని ప్షెవొదూఫ్ అనే ఊళ్ళో ఒక క్షిపణి పడి ఇద్దరు చనిపోయారు. అది రష్యా క్షిపణి అని మొదటి వార్తలు. నాటో నేల మీద రష్యా దెబ్బ! తర్వాత ఏం కావాలి?

నిజానికి జరిగింది ఇది. పోలండ్ తొందరపడలేదు. జీ-20 సమావేశాలకు బాలిలో ఉన్న అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్, క్షిపణి ప్రయాణించిన దారి చూస్తే రష్యా నుంచి వచ్చినట్టు అనిపించడం లేదన్నారు. మర్నాటికి పోలండ్, నాటో రెండూ ఒక మాట మీదికి వచ్చాయి. అది రష్యా దాడిని అడ్డుకోవడానికి ఉక్రెయిన్ వదిలిన క్షిపణి, దారి తప్పి ఇక్కడ పడి ఉంటుంది. ఆ దాడే లేకపోతే ఇది జరిగేది కాదు కాబట్టి అసలు బాధ్యత రష్యాదేనని కూడా అన్నాయి. ఆ కొన్ని గంటలు ఆగకుండా మొదటి వార్త పట్టుకుని ఎవరైనా చేయి చేసుకుని ఉంటే?

2025 సెప్టెంబరులో మళ్ళీ పోలండ్‌లోకి రష్యా డ్రోన్లు వచ్చాయి. ఈసారి నాటో విమానాలు కొన్నిటిని కూల్చేశాయి. పోలండ్ కోరింది ఆర్టికల్ 4ను. అంటే అందరూ కూర్చుని మాట్లాడుకోవడం. పోలండ్‌ను గురిపెట్టలేదని రష్యా అంది. కావాలనే పరీక్షించి చూసిందని అనేకమంది యూరప్ నేతలు అన్నారు.

తప్పు ఎవరిది అన్న దగ్గర రెండు కథలు

ఈ గొడవ మూలం గురించి రెండు వాదనలు బలంగా ఉన్నాయి. ఒకటి తెలిసి ఇంకొకటి తెలియకపోతే వార్తలు సగమే అర్థమవుతాయి.

రష్యా చెప్పేది ఇది. సోవియట్ యూనియన్ కూలాక నాటో అవసరం తీరిపోయింది. అయినా 1999లో పోలండ్, హంగరీ, చెక్‌లను, 2004లో బాల్టిక్ దేశాలతో సహా మరో ఏడింటిని చేర్చుకుని మా గుమ్మం దాకా వచ్చింది. 2007లో మ్యూనిక్‌లో పుతిన్ నిరసన చెప్పారు. అయినా 2008లో బుఖారెస్ట్‌లో ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా సభ్యులవుతాయని నాటో ప్రకటించింది. క్యూబాలో సోవియట్ క్షిపణులను అమెరికా సహించలేదు, మా పక్కన మేమెందుకు సహించాలి? అమెరికాలోనూ కొందరు పండితులు ఈ వాదనలో నిజం ఉందంటారు.

అవతలివాళ్ళ మాట వేరు. నాటో ఎవరినీ లాక్కోలేదు, ఆ దేశాలే రష్యాకు భయపడి తలుపు తట్టాయి. 1994లో బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ తన నేల మీద మిగిలిన సోవియట్ అణ్వాయుధాలను వదులుకోవడానికి ఒప్పుకుంటే, దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు పెట్టాయి. 2014లో క్రిమియాను కలుపుకుని, 2022 ఫిబ్రవరి 24న దండెత్తి ఆ మాట తప్పింది రష్యా. పక్క దేశం ఎవరితో స్నేహం చేయాలో తేల్చే హక్కు ఏ దేశానికీ లేదు.

నా మటుకు నాకు, రష్యా భయాలు నిజమైనవే అనిపిస్తుంది. కానీ భయం నిజమైనంత మాత్రాన ఊళ్ళ మీద క్షిపణులు వేయడం న్యాయమైపోదు. నాటో విస్తరణ తెలివైన పనా కాదా అన్నది ఒక ప్రశ్న, దండయాత్ర న్యాయమా అన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ కలిపేస్తే ఏదీ తేలదు.

ఒక్కో మెట్టు ఎక్కడం

అణ్వాయుధాలున్న దేశాలు నేరుగా తలపడకపోవడానికి కారణం భయమే. నువ్వు కొడితే నేనూ కొట్టగలను, ఇద్దరం మిగలం. దీన్ని నిరోధం అంటారు. ప్రపంచంలోని అణు వార్‌హెడ్‌లలో, అంటే క్షిపణి ముక్కులో పెట్టే అణుబాంబుల్లాంటి వాటిలో, 90 శాతం దాకా ఈ రెండు దేశాల దగ్గరే ఉన్నాయి, చెరో ఐదు వేలకు పైగా.

నిరోధం పెద్ద యుద్ధాన్ని ఆపుతుంది. చిన్న చిన్న మెట్లను ఆపదు. ఉక్రెయిన్‌కు మొదట భుజం మీంచి పేల్చే జావెలిన్లు ఇచ్చారు. తర్వాత హైమార్స్ రాకెట్లు, వచ్చే క్షిపణులను కూల్చే పేట్రియాట్లు, అబ్రామ్స్ ట్యాంకులు, ఎఫ్-16 యుద్ధవిమానాలు. ఒక్కోటీ ఇచ్చేముందు, ఇది ఇస్తే రష్యా ఊరుకోదేమోనని నెలల తరబడి తర్జనభర్జన. 2024 నవంబరులో 300 కిలోమీటర్ల దూరం పోయే అటాకమ్స్ క్షిపణులను రష్యా లోపలికి ప్రయోగించడానికి బైడెన్ ప్రభుత్వం ఒప్పుకుంది. అదే నెల 19న పుతిన్ కొత్త అణు విధానం మీద సంతకం చేశారు. అణ్వాయుధాలు లేని దేశం, అవి ఉన్న దేశం అండతో దాడి చేస్తే ఇద్దరూ కలిసి చేసిన దాడిగానే చూస్తామని అందులో ఉంది. రెండు రోజుల తర్వాత ద్నిప్రో నగరం మీద ఒరెష్నిక్ అనే కొత్త క్షిపణి పడింది.

ఈ బెదిరింపులకు విలువ ఎంత? ఇవి దాటొద్దని రష్యా గీసిన ఎర్ర గీతలన్నీ ఒకదాని వెంట ఒకటి దాటారు, ఏమీ కాలేదు, అది బెదిరింపే అంటారు కొందరు. అమెరికా భయపడి ఆలస్యం చేసిన ప్రతి నెలా ఉక్రెయిన్ ప్రాణాలతో మూల్యం చెల్లించిందన్నది వాళ్ళ బాధ. నెమ్మదిగా, చూసుకుంటూ ఎక్కబట్టే ఏమీ కాలేదని ఇంకొందరంటారు. 2022 అక్టోబరులో, క్యూబా సంక్షోభం తర్వాత అణుముప్పు ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదని బైడెనే అన్నారు. మరుసటి నెల సీఐఏ అధిపతి బర్న్స్ అంకారాలో రష్యా గూఢచారి విభాగం అధిపతి నరీష్కిన్‌ను కలిసి, అణ్వాయుధం వాడితే పర్యవసానాలు ఎలా ఉంటాయో ముఖాముఖి చెప్పారు. ఊరికే బెదిరింపు అనుకుంటే అంత దూరం వెళ్ళరు. మంచు గడ్డ కట్టిన చెరువు మీద నాలుగు అడుగులు వేశాం, పగలలేదు కాబట్టి ఐదో అడుగూ భద్రమే అనే లెక్క నాకైతే నమ్మకం కలిగించదు. అలాగని కదలకుండా కూర్చోమని ఉక్రెయిన్‌కు చెప్పే హక్కు దూరాన ఉన్న మనకు లేదు.

అరగంటలో ఏం తేల్చుకోగలరు?

ఒక లెక్క వేద్దాం. రష్యా నేల మీంచి బయల్దేరిన ఖండాంతర క్షిపణి అమెరికా చేరడానికి సుమారు 30 నిమిషాలు. తీరానికి దగ్గరగా ఉన్న జలాంతర్గామి నుంచి అయితే దాంట్లో సగమో, ఇంకా తక్కువో. ఉపగ్రహం మంటను పసిగట్టాలి, రాడార్లు ఔనో కాదో చెప్పాలి, అధికారులు మాట్లాడుకోవాలి, అధ్యక్షుణ్ణి నిద్ర లేపాలి. ఇవన్నీ పోగా ఆయన ఆలోచించడానికి మిగిలేది కొద్ది నిమిషాలే. అమెరికాలో అణు ప్రయోగానికి ఆదేశం ఇచ్చే అధికారం అధ్యక్షుడు ఒక్కడిదే.

1983 సెప్టెంబరు 26 అర్ధరాత్రి మాస్కో దగ్గరి సెర్పుఖోవ్-15 కేంద్రంలో లెఫ్టినెంట్ కల్నల్ స్తానిస్లావ్ పెత్రోవ్ ముందు అలారం మోగింది. అమెరికా నుంచి ఒక క్షిపణి, ఆ వెంటనే మరో నాలుగు. వాతావరణం అప్పటికే వేడెక్కి ఉంది. ఆ నెల మొదటి రోజునే సోవియట్ విమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చడంతో 269 మంది చనిపోయారు. యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదు క్షిపణులతో మొదలుపెడతాడా అని పెత్రోవ్ ఆలోచించాడు. తప్పుడు అలారం అని పైకి చెప్పాడు. తర్వాత తేలింది, మేఘాల మీద పడిన ఎండ మెరుపును ఉపగ్రహం క్షిపణి మంట అనుకుంది.

1995 జనవరి 25 సంగతి ఇంకా విచిత్రం. అప్పటికి ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి ఏళ్ళు గడిచాయి, రెండు దేశాలకూ స్నేహం. నార్వే శాస్త్రవేత్తలు ధ్రువకాంతులను పరిశోధించడానికి ఒక రాకెట్ వదిలారు. రష్యా రాడార్‌కు అది జలాంతర్గామి నుంచి లేచిన అమెరికా క్షిపణిలా కనిపించింది. రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ముందు అణు సంకేతాల పెట్టె తెరుచుకుంది. రాకెట్ దూరంగా పోతోందని తేలాక ఊపిరి పీల్చుకున్నారు. ఈ ప్రయోగం గురించి నార్వే వారాల ముందే రష్యాకు తెలియజేసింది. ఆ కబురు రాడార్ దగ్గర కూర్చున్నవాళ్ళ దాకా రాలేదు, 33 ఏళ్ళ కిందట బి-59కు అందనట్టే.

ఒప్పందాలు పోతే పోయేదేమిటి?

క్యూబా సంక్షోభం రోజుల్లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ, సోవియట్ నేత క్రుశ్చేవ్‌ల సందేశాలు ఒకరి నుంచి ఒకరికి చేరడానికి గంటలు పట్టేది. ఆ పాఠంతోనే 1963లో రెండు రాజధానుల మధ్య హాట్‌లైన్ వేశారు. అది సినిమాల్లో చూపించే ఎర్ర టెలిఫోన్ కాదు, టెలిప్రింటర్. తొందరలో నోటి మాట జారకుండా, అనువాదంలో తప్పు రాకుండా రాతలోనే పంపాలని అలా పెట్టుకున్నారు. ఆ తర్వాత ఒప్పందాలు వరసగా వచ్చాయి. అవే ఈ పాతికేళ్ళలో ఒక్కొక్కటిగా ఊడిపోయాయి. క్షిపణి రక్షణ వ్యవస్థల మీద పరిమితి పెట్టిన 1972 నాటి ఒప్పందం నుంచి అమెరికా 2002లో తప్పుకుంది. మధ్య శ్రేణి క్షిపణులను నిషేధించిన 1987 నాటి ఒప్పందం 2019లో పోయింది. రష్యా దాన్ని ఉల్లంఘించిందని అమెరికా, కాదు అమెరికానే అని రష్యా.

చివరికి మిగిలింది న్యూ స్టార్ట్. 2010లో ప్రాగ్‌లో అప్పటి అధ్యక్షులు ఒబామా, మెద్వదేవ్ సంతకాలు చేశారు. మోహరించిన వార్‌హెడ్‌లు చెరొకరికి 1,550కి మించకూడదు. దీంట్లో అసలు విలువైనది ఈ అంకె కాదు. పొలం గట్టు తగాదాలో సర్వేయర్ వచ్చి కొలిచి రాళ్ళు పాతితే అన్నదమ్ములకు ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టదు. కానీ రాత్రికి రాత్రి గట్టు జరిపాడేమోనన్న అనుమానం పోతుంది. న్యూ స్టార్ట్ కింద ఏడాదికి 18 సార్ల దాకా అవతలివాళ్ళ స్థావరాలకు వెళ్ళి స్వయంగా తనిఖీ చేసుకునేవారు. ఏ క్షిపణి ఎక్కడికి కదిలిందో 25 వేలకు పైగా సమాచారాలు ఇచ్చిపుచ్చుకున్నారు. కోవిడ్‌తో 2020లో తనిఖీలు ఆగాయి. 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందాన్ని పక్కన పెట్టింది. 2026 ఫిబ్రవరి 5తో దాని గడువు తీరింది.

దీనివల్ల రేపే బాంబులు పెరిగిపోతాయని కాదు. ఎదుటివాడి దగ్గర ఎన్ని ఉన్నాయో ఉపగ్రహాలతో చాలావరకు అంచనా వేయగలరు. చైనా లేని ఒప్పందానికి అర్థం లేదనే వాదన కూడా అమెరికాలో ఉంది, దాంట్లో పస లేకపోలేదు. పోయింది ఒకరి ఇంట్లోకి ఒకరు వెళ్ళి చూసే అలవాటు. తెలియనప్పుడు సైన్యాలు మంచి ఊహించవు, చెడే ఊహించి సిద్ధపడతాయి.

మన దాకా ఎలా వస్తుంది

ఇంకా రాని యుద్ధం సంగతి అలా ఉంచితే, ఈ టెన్షన్ ఇప్పటికే మన ఇళ్ళల్లోకి వచ్చింది. 2022 మార్చిలో ఉక్రెయిన్ నుంచి ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగొచ్చిన వైద్య విద్యార్థుల్లో మన పిల్లలు చాలామంది ఉన్నారు. అదే నెలలో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర చూసి కొట్టు దగ్గర ఆగిపోయినవాళ్ళం మనమే, ఎందుకంటే అప్పట్లో ఆ నూనె మనకు ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. రష్యా చమురు కొంటున్నందుకని 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తం 50 శాతం చేసినప్పుడు, దెబ్బ మొదట తగిలినవాళ్ళలో గోదావరి జిల్లాల రొయ్య రైతులున్నారు.

ఏ వార్తను ఎలా చదవాలి

2025 ఆగస్టు మొదట్లో, మెద్వదేవ్ మాటలకు జవాబుగా రెండు అణు జలాంతర్గాములను కదిలించమన్నానని ట్రంప్ ప్రకటించారు. ప్రపంచమంతా అదే పతాక శీర్షిక. రెండు వారాలకే ఆయన, పుతిన్ అలాస్కాలో కలుసుకున్నారు. నాయకుల మాటల వేడి ఇలా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. నేను అంతకంటే లోపలి పేజీ వార్తలకు ఎక్కువ భయపడతాను. నల్లసముద్రం మీద 2023 మార్చి 14న రష్యా సుఖోయ్ ఒకటి అమెరికా డ్రోన్‌ను తాకి పడగొట్టింది. మనుషులున్న విమానమైతే కథ వేరేగా ఉండేది. మర్నాడే రెండు దేశాల రక్షణ మంత్రులు ఫోన్లో మాట్లాడుకున్నారు. విమానాలు ఢీకొన్న వార్తతో పాటు, ఆ ఫోన్ మోగిందా లేదా అన్నది వెతుక్కుని చదువుతాను.

2024 నవంబరు 21న ఒరెష్నిక్ ద్నిప్రో మీద పడిన రోజున కూడా అలాంటిదొకటి జరిగింది. అణు వార్‌హెడ్ మోయగల క్షిపణి అది. ఆకాశంలోకి లేచినప్పుడు దాని ముక్కులో ఏముందో ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. ప్రయోగానికి అరగంట ముందు, 1987లో ఇద్దరూ కలిసి పెట్టుకున్న అణుప్రమాద నివారణ కేంద్రాల ద్వారా రష్యా నుంచి వాషింగ్టన్‌కు ఒక కబురు వెళ్ళిందని క్రెమ్లిన్ చెప్పింది. ముందుగా సమాచారం అందిన మాట నిజమేనని పెంటగాన్ కూడా అంది. ఆ అరగంట తర్వాత అమెరికా తెరల మీద మంట కనిపించినప్పుడు, దాన్ని చూస్తున్న ఉద్యోగికి అది ఏమిటో ముందే తెలుసు.